అలెక్ గిన్నెస్: వేషం వేస్తే గొప్పా, తీసేస్తే గొప్పా?

మూడోవరస:
1949లో వచ్చిన ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’ సినిమాలో బ్రిటిష్ నటుడు గిన్నెస్ ఒకే కుటుంబంలోని ఎనిమిది మందీ తానే అయ్యాడు. 1979లో బీబీసీ టీవీ సీరియల్ ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’లో గూఢచారి స్మైలీగా కళ్లజోడు తప్ప వేషమే లేదు. వీటిలో ఏది పెద్ద పని? నా ఓటు మొదటిదానికే.

రీలుడబ్బా:
ఎనిమిది వేషాల్లో సగం ఘనత కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్‌దండీ. చర్చిలో ఆరుగురు ఒకే ఫ్రేములో కూర్చునే షాట్ చూడండి. మన డబుల్ యాక్షన్ సినిమాల్లోని మాస్క్ షాటే, కాకపోతే ఆరుసార్లు. కెమెరాను కదలకుండా బిగించి, లెన్సు ముందు నల్ల మాస్క్ పెట్టి ఒక్క భాగమే తెరవాలి. ఒక వేషం తీశాక అదే ఫిల్మును, ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ, వెనక్కి తిప్పాలి. ఈలోగా గిన్నెస్ మేకప్ మార్చుకుని పక్క సీట్లోకి వస్తాడు. కెమెరా వెంట్రుకవాసి జరిగినా అతుకు కనబడుతుంది. ఆరోసారి తప్పితే ముందు తీసిన అయిదూ గంగలో కలిసినట్టే. అందుకే రాత్రిళ్లు స్లోకోంబ్ కెమెరా పక్కనే పడుకున్నాడు.

తెరవెనుక:
వేషం ఆయన్ని ముంచిన సందర్భాలూ ఉన్నాయి కదా. 1948 ‘ఆలివర్ ట్విస్ట్’లో యూదు దొంగల నాయకుడు ఫేగిన్‌గా వేసినప్పుడు, డికెన్స్ నవలకి క్రుయిక్‌షాంక్ వేసిన బొమ్మల్లో ఉన్నట్టే పెద్ద ముక్కు అతికించారు. యూదులను అవమానించారని బెర్లిన్‌లో గొడవ అయింది. అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు, అదీ కోతలతో. అదే 1951లో లండన్ న్యూ థియేటర్లో గడ్డం పెట్టుకుని హామ్లెట్ ఆడాడు, తొలిరాత్రే లైటింగ్ గాడి తప్పింది, విమర్శకులు ఉతికేశారు. 1938లో లండన్ ఓల్డ్ విక్ థియేటర్లో గత్రీ దర్శకత్వంలో మామూలు ఆధునిక దుస్తుల్లో ఆడిన హామ్లెట్‌కి ఆ బరువులేవీ లేవు.

స్మైలీలో చూడండి: ఎదుటివాడు మాట్లాడుతుంటే కళ్లజోడు తీసి తుడుస్తాడు. ఆ మౌనం భరించలేక ఎదుటివాడే ఇంకో మాట జారవిడుస్తాడు. ఇది క్లోజప్పులోనే పండుతుంది, నాటకంలో మీ మూడోవరసకి కూడా కనబడదు.

మూడోవరస:
ఫేగిన్ సంగతి ఒప్పుకుంటున్నా. 1984 ‘ఎ పాసేజ్ టు ఇండియా’లో ఆయన వేసిన గాడ్‌బోలే పాత్రని మాత్రం అసలు సమర్థించను. అదే సినిమాలో విక్టర్ బెనర్జీ, రోషన్ సేఠ్, సయీద్ జాఫ్రీ ఉండగా తెల్లవాడికి గోధుమరంగు పూసి బ్రాహ్మణుణ్ణి చేయడమేమిటి? గిన్నెస్ నృత్యాన్ని దర్శకుడు డేవిడ్ లీన్ ఎడిటింగ్‌లో తీసేశాడు, గిన్నెస్‌కు కోపమొచ్చింది. నన్నడిగితే మంచి కోతే.

రీలుడబ్బా:
ఓటు మాత్రం అలాగే ఉంచుకుంటారన్నమాట! అయితే మీ లెక్కలో 1957 ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ ఎటు పడుతుంది? శిక్షగా బంధించిన ఇనుప రేకుల గదిలోంచి బయటికొచ్చిన యుద్ధఖైదీ కల్నల్ నికల్సన్ (గిన్నెస్ పాత్ర), కాళ్లు మాట వినకపోయినా సైనికుడిలా నడవబోతాడు. పోలియో నుంచి కోలుకుంటున్న తన కొడుకు నడకను అక్కడ వాడుకున్నానని గిన్నెస్సే చెప్పాడు. అతికించిన ముక్కు లేదు, గడ్డం లేదు. వేషం కాదంటారా?