పాస్‌వర్డ్ లేకుండా కోడ్‌తో లాగిన్: నమ్మొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఈమధ్యే ఈ దేశం వచ్చాను. ఇంటికోసం, ఉద్యోగంకోసం ఏ సైట్‌లో చేరినా పాస్‌వర్డ్ అడగడం లేదు. ఫోన్‌కో మెయిల్‌కో ఆరంకెల కోడ్ పంపి లోపలికి రానిస్తున్నారు. ఇది సేఫేనా? పాత ఫోన్ నంబరు కూడా తీసేద్దామనుకుంటున్నాను.

జవాబు: నంబరు ఇప్పుడే తీసేయకండి. రీచార్జ్ ఆగిపోయిన నంబరును కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. మీకు రావాల్సిన కోడ్‌లు వాళ్లకు వెళ్తాయి. ముందు బ్యాంకు, మెయిల్, మిగతా ఖాతాల్లో నంబరు మార్చండి, తర్వాతే వదిలేయండి.

ఇక కోడ్ సంగతి. ఒకే పాస్‌వర్డ్‌ను నాలుగు చోట్ల వాడే బెడద తప్పుతుంది, ఆ మేరకు మంచిదే. కానీ ఆ కోడ్ ఎవరు కొట్టినా చెల్లుతుంది. నా భయమంతా అక్కడే. అద్దె ఇల్లు ఉందంటూ లింక్ వస్తుంది. నొక్కితే అచ్చం అసలు సైట్‌లాంటి పేజీ. మీరు మెయిల్ ఐడీ ఇవ్వగానే మోసగాడు దాన్ని అసలు సైట్‌లో కొడతాడు. కోడ్ నిజంగానే అసలు సైట్ నుంచి మీకొస్తుంది కాబట్టి అనుమానమే రాదు. మీరు దాన్ని నకిలీ పేజీలో ఇస్తారు, వాడు మీ ఖాతాలోకి వెళ్లిపోతాడు. పాస్‌వర్డ్‌లను దాచిపెట్టి సైట్‌లో తానే నింపే యాప్, అంటే పాస్‌వర్డ్ మేనేజర్ అయితే, అడ్రస్ వేరుగా ఉన్నచోట తనంతట తాను నింపదు. కోడ్‌కు ఆ కాపలా లేదు. అందుకే లింక్ నొక్కి వెళ్లిన పేజీలో కోడ్ ఇవ్వకండి. అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి.

ఎస్ఎంఎస్‌కు ఇంకో ముప్పు సిమ్ స్వాప్. మీ పేరు చెప్పి మీ నంబరును వేరే సిమ్‌లోకి మార్పించుకుంటారు. 2019లో అప్పటి ట్విట్టర్ సీఈఓ జాక్ డోర్సీ నంబరునే ఇలా లాక్కుని ఆయన ఖాతాలో ట్వీట్లు పెట్టారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఎస్ఎంఎస్ కోడ్‌లను ఆంక్షలున్న పద్ధతుల్లో చేర్చింది, మెయిల్ కోడ్‌లను అసలు ఒప్పుకోలేదు.

మరో జవాబు: పైన చెప్పినవన్నీ నిజమేనండి. పాస్‌కీ, అంటే ఫోన్ లాక్ తీసినట్టే వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి, పెట్టుకునే వీలున్నచోట అదే పెట్టుకోండి. అది ఆ సైట్ అడ్రస్‌కే ముడిపడి ఉంటుంది, నకిలీ పేజీలో పనిచేయదు. అన్నిటికన్నా ముందు మెయిల్‌కు పెట్టండి, ఎందుకంటే మెయిల్ మోసగాడి చేతికి పోతే మిగతా ఖాతాల కోడ్‌లన్నీ దానితోపాటే పోతాయి. ఫోన్ పోయినా ఖాతాలోకి వెళ్లడానికి సైట్ ముందే ఇచ్చే రికవరీ కోడ్‌లు కాగితంమీద రాసి పాస్‌పోర్ట్‌తోపాటు దాచుకోండి.

ప్రశ్న: చాలా థాంక్సండి. నిన్న రాత్రి నేను అడక్కుండానే ఒక కోడ్ వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎవరో మీ ఐడీ కొట్టి ఉంటారు, పొరపాటునైనా కావచ్చు. కోడ్ మీ దగ్గరే ఉన్నంతవరకు దానితో వాళ్లు లోపలికి రాలేరు. కస్టమర్ కేర్ అంటూ ఫోన్ చేసి ఆ అంకెలు చదవమంటే మాత్రం వెంటనే ఫోన్ పెట్టేయండి.