వెనక టైరు మధ్యలో బల్లపరుపైంది: ఈసారి టూరింగా, స్పోర్టా?

డొమినార్_ఉప్పల్

అందరికీ నమస్కారం. నాది డొమినార్ 400 బైక్. రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లి రావాలి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి టూవీలర్లను రానివ్వరు కాబట్టి తార్నాక, బేగంపేట, పంజాగుట్ట మీదుగా సిటీలో నుంచే వెళ్తాను. వీలు చిక్కినప్పుడల్లా శ్రీశైలం, లేదంటే పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేలా అనంతగిరి.

వెనక టైరు మార్చే టైమ్ వచ్చింది. మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పున చదునుగా అరిగిపోయింది. అంచుల్లో మాత్రం కొత్త టైరుకు ఉండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. సైజు 150/60 R17. షాపులో స్పోర్ట్ టైరు (మెత్తటి రబ్బరుది) వేసుకోండి, గ్రిప్ అదిరిపోతుంది అంటున్నారు. ఆఫీసులో బండి నడిపేవాళ్లేమో టూరింగ్ (దూర ప్రయాణాలకు కాస్త గట్టి రబ్బరుతో చేసేది) వేసుకో, చాలా ఎక్కువ రోజులు వస్తుంది అంటున్నారు. ఫలానా కంపెనీ అని కాదు, ఏ రకం ఎందుకు వేసుకోవాలో చెప్పండి.

ఘాట్_రైడర్

స్పోర్టే. ఇందులో రెండో మాట లేదు తమ్ముడూ.

రోడ్డును తాకేది రెండే చోట్ల, ఒక్కోటి అరచేయంత కూడా ఉండదు. బ్రేకైనా, మలుపైనా, గుంత తప్పించడమైనా ఆ కాస్త రబ్బరే చేయాలి. ఈగలపెంట దాటాక కృష్ణ మీది వంతెన దాకా దిగే ఘాట్ గుర్తు చేసుకో. మలుపు సగంలో ఉండగా ఎదురుగా బస్సు మన వైపుకు వచ్చేసి ఉంటుంది. అప్పుడు బ్రేక్ వేస్తే బండి లేచి నిలబడి తిన్నగా బస్సు మీదికే పోతుంది. ఇంకాస్త వంచి లోపలికి తెచ్చుకోవడమే దారి. ఆ వంపులో పట్టుకునేది మెత్తటి అంచు. అక్కడ టైరు జారితే, దాన్ని ఎన్ని వేల కిలోమీటర్లు నడిపావన్న లెక్క ఎవరికి కావాలి?

స్పోర్ట్ టైరు వేడెక్కితేనే బాగా పట్టుకుంటుంది, మామూలు రోడ్డు మీద అంత వేడెక్కదు అని కొందరు అంటారు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరు మన హైదరాబాద్, తారు రోడ్డు అంతకంటే వేడిగా ఉంటుంది. టైరు ఎక్కువసేపు చల్లగా ఉండదు.

ఎల్బీనగర్_650

అన్నా, గ్రిప్ ముఖ్యం అన్నదాంట్లో గొడవే లేదు. ఏ రోజు గ్రిప్ అన్నదే నా ప్రశ్న. కొన్న రోజుదా, ఆరు నెలల తర్వాతదా?

ఆయన టైరు ఎలా అరిగిందో చదివారు కదా. మధ్యలో చదును, అంచులు కొత్తవి. దానికి కారణం ఘాట్ కాదు, సిగ్నల్. వెనక చక్రం బండిని ముందుకు తోసే ప్రతిసారీ రబ్బరు రోడ్డు మీద కంటికి కనపడనంతగా జారుతుంది. ఆ జారుడే అరుగుదల. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా ఎన్ని సిగ్నళ్లు, ఎన్ని యూటర్న్‌లు, ఎన్నిసార్లు ఫస్ట్ గేర్! డొమినార్ 190 కిలోలు దాటిన బండి, సింగిల్ సిలిండర్, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) బాగా ఎక్కువ. దాని భారమంతా టైరు మధ్య గీత మీదే పడుతుంది.

ఇక్కడ మెత్తటి టైరు వేశారనుకోండి. వారమంతా సిటీ దాని మధ్య భాగాన్ని తినేస్తుంది. స్పోర్ట్ టైరు ఆకారం కాస్త కోసుగా ఉంటుంది, బండి చటుక్కున వాలడానికి అలా చేస్తారు. మధ్యలో అరిగే కొద్దీ ఆ కోసు పోతుంది, చదును భాగానికీ అంచుకీ మధ్య ఒక మెట్టు తయారవుతుంది. మలుపులోకి వంచితే బండి మొదట మొండికేస్తుంది, మెట్టు దాటగానే పడిపోయినట్టు ఒక్కసారిగా వాలుతుంది. ఘాట్ కోసం కొన్న టైరు, ఘాట్‌కు చేరేసరికి ఘాట్‌కు పనికిరాకుండా పోతుంది. అంచుల్లో రబ్బరు మెత్తగానే ఉంటుంది, అక్కడికి బండి నున్నగా చేరే దారి ఉండదు. ఘాట్_రైడర్ అన్న చెప్పిన బస్సు సీన్‌లో నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే.

టూరింగ్ టైర్లలో చాలావాటికి మధ్యలో గట్టి కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం), అంచుల్లో మెత్తటిది వేస్తారు. స్పోర్ట్‌లోనూ ఇప్పుడు రెండు కాంపౌండ్లు వస్తున్నాయి గానీ, మధ్య భాగం అంత గట్టిగా ఉండదు. గట్టి మధ్య భాగం వల్ల డబ్బు మిగులుతుందని నేను చెప్పడం లేదు. టైరు గుండ్రంగా ఎక్కువ కాలం నిలుస్తుంది, అది చాలు.

శ్రీశైలం దారి కూడా ఒకసారి లెక్క చూడండి. పోవడానికే 210 కిలోమీటర్ల పైచిలుకు. తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి, డిండి దాకా దాదాపు తిన్నటి రోడ్డే. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక టైగర్ రిజర్వ్, అక్కడ వేగంగా పోకూడదు, పోనివ్వరు కూడా. అసలు ఘాట్ చివర్లో కొద్ది దూరమే. ఆ కొద్ది దూరం కోసం మిగతా అంతటా మెత్తటి రబ్బరు అరగదీసుకుంటూ పోతాం.

ఘాట్_రైడర్

650 బ్రదర్, బాగా రాశావు. కానీ ఒక ముఖ్యమైన సంగతి దాటేశావు. సిటీలో ప్రాణాలు పోయేది మలుపుల్లో కాదు, తిన్నటి రోడ్డు మీద సడన్ బ్రేక్‌లో. ఆటో అడ్డంగా తిరుగుతుంది, బస్సు ఆగుతుంది, కుక్క దూకుతుంది. బండి నిలువుగా ఉన్నప్పుడు రోడ్డును పట్టుకునేది ఆ మధ్య భాగమే. నువ్వు అక్కడే గట్టి రబ్బరు వేయమంటున్నావు.

ఇంకొకటి. టూరింగ్ టైరు కూడా చదునవుతుంది. అవ్వదని ఏ కంపెనీ చెప్పదు. కాస్త ఆలస్యంగా అవుతుంది, అంతే. ఆ ఆలస్యమే ప్రమాదం. ఎక్కువ కాలం వస్తుంది కదా అని చదునైన టైరు మీదే ఇంకో ఏడాది లాగేస్తారు మనవాళ్లు. స్పోర్ట్ టైరు త్వరగా అరుగుతుంది కాబట్టి త్వరగా మారుస్తారు.

రాణిగంజ్_టైర్లు

నేను టైర్ల షాపులో పని చేస్తాను. ఏ రకమూ అమ్మడానికి రాలేదు, రోజూ చూసేది చెప్తాను.

డొమినార్ అన్నా, మీ టైరు మధ్యలో అరగడానికి సిటీతో పాటు గాలి కూడా కారణం కావచ్చు. గాలి ఎక్కువుంటే టైరు మధ్య భాగమే రోడ్డును తాకుతుంది, అదే అరుగుతుంది. తక్కువుంటే టైరు గోడలు ఎక్కువగా వంగి లోపల వేడి పుడుతుంది, అప్పుడు ఏ కాంపౌండ్ అయినా త్వరగా పోతుంది. మా దగ్గరికి వచ్చే బళ్లలో చాలావాటికి గాలి సరిగా ఉండదు. ఎండలో నడిపి బంక్‌కు వెళ్లి, వేడి టైరులో గాలి చూస్తారు, రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, బాగానే ఉందనుకుని వెళ్లిపోతారు. పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో బండి మీద స్టిక్కర్‌లోనో, మాన్యువల్‌లోనో ఉంటుంది. షాపులో ఎవరో చెప్పిన లెక్క వద్దు.

ముందు టైరు కూడా చూసుకోండి. అరచేయి టైరు మీద పెట్టి బండి ముందుకు పోయే దిశలో ఒకసారి, వెనక్కి ఒకసారి నిమరండి. ఒక వైపు నున్నగా జారి, ఇంకో వైపు ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) ముక్కల అంచులు రంపం పళ్లలా చేతికి తగిలితే బ్రేకుల వల్ల ఎగుడుదిగుడుగా అరిగినట్టు. ట్రెడ్ లోతు ఇంకా ఉన్నా అలాంటి టైరు హ్యాండిల్‌కు వణుకు తెస్తుంది, రొద పెడుతుంది.

గాడుల్లో అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి, వాటి చోటు తెలియడానికి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద టీడబ్ల్యూఐ అని ఉంటుంది. ట్రెడ్ అరిగి ఆ దిమ్మలతో సమానమైతే టైరు అయిపోయినట్టే. మన రూల్ ప్రకారం టూవీలర్‌కు 0.8 మిల్లీమీటర్లు కనీసం. నా మాటైతే వానాకాలంలో అంతదాకా ఆగొద్దు. చదునైన టైరుకు ట్రెడ్ మిగిలి ఉన్నా మార్చండి, ఆ విషయంలో ఘాట్ అన్న చెప్పింది నిజం.

మియాపూర్_390

నాది డ్యూక్ 390, నేను వాడేది స్పోర్ట్ టైర్లే. మార్చే ఉద్దేశం కూడా లేదు. కానీ 650 అన్న చెప్పిన లెక్కకు నాది వ్యతిరేకం కాదు, చూడండి.

ఆఫీసుకు నేను బండి తీయను. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగుతాను. బండి ఆదివారం పొద్దున మాత్రమే బయటికి వస్తుంది, శంకర్‌పల్లి వైపు నుంచి వికారాబాద్, అనంతగిరి గుట్ట, మళ్లీ ఇల్లు. నా టైరు మధ్యలో కాదు, పక్కల్లో అరుగుతుంది. నాకు టూరింగ్ టైరు వేస్తే గట్టి మధ్య భాగం వాడకుండానే పాతబడుతుంది.

నా సమస్య వేరే. కిలోమీటర్లు తక్కువ కాబట్టి ట్రెడ్ మిగిలి ఉండగానే రబ్బరు వయసైపోతుంది. స్పోర్ట్ కాంపౌండ్ వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి ప్రతిసారీ కొంత గట్టిపడుతుంది. మన ఎండలో అపార్ట్‌మెంట్ ముందు పార్క్ చేస్తే ఇంకా త్వరగా. కాబట్టి స్పోర్ట్ కొనేవాళ్లు తయారీ తేదీ తప్పకుండా చూసుకోండి. సైడ్‌వాల్ మీద చివరి నాలుగు అంకెలు. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైనట్టు. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న స్పోర్ట్ టైరును కొత్తదే అని డిస్కౌంట్‌లో అంటగట్టబోయారు ఒక చోట. తేదీ చూపించి వెనక్కి ఇచ్చేశాను.

రాణిగంజ్_టైర్లు

390 మేడమ్ చెప్పింది కరెక్ట్. ఇంపోర్టెడ్ టైర్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ చూసుకోవాలి. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది, లైసెన్స్ ఉంటేనే తేవాలి. అప్పటి నుంచి విదేశీ టైర్లు దొరకడం కష్టమైంది, దొరికినవాటి తేదీ, ఐఎస్‌ఐ మార్క్ రెండూ చూడండి. మన కంపెనీలు కూడా ఇప్పుడు 17 అంగుళాల్లో రేడియల్స్ (లోపలి దారాలు నేరుగా అడ్డంగా ఉండే టైర్లు) బాగానే చేస్తున్నాయి.

ఎల్బీనగర్_650

390 గారి మాటతో నాకు పూర్తి ఏకీభావం. బండి ఏ రోడ్డు మీద ఎక్కువ ఉంటుందో దాన్నిబట్టే టైరు. కానీ ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ తిరిగే బండికి ఆ లెక్క వేరుగా వస్తుంది.

ఘాట్_రైడర్ అన్న అడిగిన బ్రేక్ ప్రశ్న న్యాయమైంది, జవాబు ఇవ్వాలి. పొడి రోడ్డు మీద మెత్తటి మధ్య భాగం ఎక్కువ పట్టుకుంటుంది, నిజం. ఆ తేడా నేను కాదనను. కానీ మన పొడి రోడ్డు సడన్ బ్రేకులు ఎక్కువగా తక్కువ వేగంలో పడేవే. అక్కడ ఏ మంచి టైరుకైనా చాలినంత పట్టు ఉంటుంది, బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తోడుంటుంది. తేడా ప్రాణం మీదికి తెచ్చేది తడిలో.

జూన్ తొలకరి పడ్డప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతూ బ్రేక్ వేసినవాళ్లకు తెలుసు. అన్నాళ్లూ పేరుకున్న ఆయిల్, దుమ్ము, రబ్బరు పొడి నీళ్లతో కలిసి పైకి తేలతాయి. ఫ్లైఓవర్ జాయింట్ల ఇనుప పట్టీలు, రోడ్డు మీద తెల్ల గీతలు ఇంకా జారుడు. వాన నీళ్లు టైరును చల్లబరుస్తాయి, 40 డిగ్రీల ఎండ వేడి అక్కడ పనికిరాదు. టూరింగ్ టైర్ల రబ్బరులో సిలికా అనే పొడి ఎక్కువగా వాడేది ఇందుకే. చల్లగా, తడిగా ఉన్నప్పుడు కూడా రబ్బరు మెత్తగా ఉండి పట్టుకుంటుంది. గాడులు కూడా ఎక్కువ, నీళ్లు పక్కకు పోతాయి. స్పోర్ట్ టైర్ల అంచుల్లో గాడులు దాదాపు ఉండవు, పొడి రోడ్డు మీద పూర్తిగా వంచినప్పుడు రబ్బరు ఎక్కువ తాకాలని అలా చేస్తారు. రోజూ ఆఫీసుకు వెళ్లేవాడు వాన చూసుకుని సెలవు పెట్టలేడు కదా.

ఘాట్_రైడర్

తడి విషయంలో నీ మాట ఒప్పుకుంటాను. అయితే నీ వాదన మొత్తం వెనక టైరు గురించే. ముందు టైరు బండిని తోయదు, అంత త్వరగా చదునవదు. బ్రేకులో బరువంతా ముందుకే వస్తుంది, మలుపులో దారి చూపేదీ ముందు టైరే. వెనక టూరింగ్, ముందు స్పోర్ట్ వేసుకుంటే? అరుగుదల సమస్య వెనక తీరుతుంది, పట్టు ముందు దొరుకుతుంది. చాలామంది చేస్తున్నారు.

ఎల్బీనగర్_650

చేస్తున్నారు, నాకు మాత్రం ఇష్టం లేదు. వానలో నీళ్లను ముందుగా చీల్చేది ముందు టైరు. వెనకది అది చేసిన దారిలోనే వస్తుంది. గాడులు తక్కువున్న టైరును ముందు పెట్టి, ఎక్కువున్నదాన్ని వెనక పెట్టడం తలకిందుల పని. పైగా రెండింటి ఆకారాలు వేరు, కోసుగా ఉన్న ముందు టైరు త్వరగా వాలుతుంది, గుండ్రటి వెనకది నెమ్మదిగా. కంపెనీలు ఒకే రకం జతగా పరీక్షిస్తాయి, జతగానే వేయమంటాయి.

ఘాట్_రైడర్

పొడి రోడ్డు మీద నేను చాలా కాలంగా అలాగే నడుపుతున్నాను, మలుపుల్లో నాకు నమ్మకం దాని మీదే. ఇక్కడ మన దారులు వేరు.

డొమినార్_ఉప్పల్

అందరికీ థాంక్స్. నాకు ఆలోచన తేలింది. నాకు సోమవారం నుంచి శుక్రవారం దాకా తిన్నటి రోడ్డు, వానాకాలం తప్పదు. వెనక టూరింగ్ రేడియల్ వేయిస్తాను. ముందు టైరును అరచేత్తో నిమిరి చూశాను, రంపం పళ్ల గరుకు లేదు, ట్రెడ్ సగం పైనే ఉంది. రాణిగంజ్ అన్నా, దాన్ని కూడా ఇప్పుడే మార్చాలా? కంపెనీ ఇచ్చిన రేడియలే అది.

రాణిగంజ్_టైర్లు

అవసరం లేదు. రెండూ రేడియల్స్, ముందుది గుండ్రంగా ఉంది, తేదీ మరీ పాతది కాకపోతే నడపండి. అరిగాక ముందు కూడా టూరింగే వేయండి. రేడియల్ ఒకటి, బయాస్ (లోపలి దారాలు ఏటవాలుగా ఉండే టైరు) ఒకటి మాత్రం కలపొద్దు. బిగించేటప్పుడు దగ్గరుండి సైడ్‌వాల్ మీది బాణం గుర్తు బండి తిరిగే దిశలోనే ఉందో లేదో చూసుకోండి, బ్యాలెన్సింగ్ చేయించండి, వాల్వ్ కూడా కొత్తది వేయించండి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి వంద నూట యాభై కిలోమీటర్లు ఎక్కువ వంచకండి, గట్టిగా బ్రేక్ వేయకండి. కాబట్టి వేయించిన మర్నాడే శ్రీశైలం పెట్టుకోకుండా ఒక వారం ఆఫీసుకు తిప్పాక వెళ్లండి.