బస్టాండులో పడుకునే మాజీ సైనికుడికి సర్కారు ఇల్లు ఇవ్వాలా?

కేసీ కెనాల్ (కర్నూలు):
మా కర్నూలు బస్టాండు బయట ఒక పెద్దాయన రాత్రిళ్లు పడుకుంటాడు. డెబ్బై దగ్గర ఉంటాయి. ఆర్మీలో తొమ్మిదేళ్లు చేశాడట. భార్యకు జబ్బు చేస్తే ఉద్యోగం వద్దని తానే రాసిచ్చి వచ్చేశాడు. ఆమె పోయింది, పిల్లలు లేరు. జవానుకు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి కాబట్టి అదీ లేదు. కాగితాలున్న సంచి ఎవరో ఎత్తుకుపోయారు. ఇలాంటివాళ్ల కోసం జిల్లాకొక వసతి గృహమైనా సర్కారు పెట్టాలంటాను. మీరేమంటారు?

హవల్దార్ రిటైర్డ్ (అనంతపురం):
తమ్ముడూ, ముందు ఆయన మాజీ సైనికుడో కాదో తేల్చు. గడువు తీరకముందే సొంత కోరిక మీద వచ్చేసినవాణ్ని కేంద్రం నిబంధనలు ఆ లెక్కలోకి తీసుకోవు. అర్హత ఉన్నవాళ్లకు దారి ఉంది. 65 దాటి, పింఛను లేక, హవల్దారు లేదా అంతకు కింది ర్యాంకులో చేసినవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా గ్రాంటు ఇస్తుంది. 2025 నవంబరు 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు దాన్ని 4 వేల నుంచి 8 వేలకు పెంచారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే చెప్తారు. సర్వీసు వదిలేటప్పుడు సైన్యం ఇచ్చే డిశ్చార్జి బుక్కు ఆయన దగ్గర ఉందా?

గుంతకల్లు జంక్షన్:
మా స్టేషన్లో పడుకునేవాళ్లలో సగం మంది మిలిటరీ అనే చెప్తారు. నమ్మాలంటే కష్టం.

కేసీ కెనాల్:
అన్నా, సంచి పోయిందని మొదటే రాశాను. సర్వీసు నంబరు మాత్రం తడుముకోకుండా చెప్పాడు. రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసు నుంచి నకలు తెప్పించొచ్చు. దానికి పోలీసు ఫిర్యాదు, అఫిడవిట్ కావాలి, జవాబు అందుకోవడానికి అడ్రసూ కావాలి. ఆయనకు లేనిదే అడ్రసు! అమెరికాలో ఏటా జనవరిలో ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టేటప్పుడు మాజీ సైనికులను విడిగా లెక్కిస్తారు. 2010లో 74 వేలకు పైగా ఉన్నవాళ్లు 2024కి 32,882కి తగ్గారు. అద్దెకు వోచరు ఇచ్చి, కాగితాలు, వైద్యం చూసుకోవడానికి ఒక మనిషిని కూడా పెట్టారు. మన 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 70 వేల పైచిలుకు. అందులో సైన్యంలో చేసినవాళ్లు ఎందరో ఎవరు చెప్తారు?

హవల్దార్ రిటైర్డ్:
అమెరికా మనకెందుకు? బుక్కు లేదన్నావు, అక్కడితో సరి. నా సంగతి విను. 24 ఏళ్ల సర్వీసు నాది. మాజీ సైనికుడి కింద ఐదెకరాల మెట్ట ఇచ్చారు. పదేళ్ల తర్వాత అమ్ముకునే హక్కు నాకుంది. కూతురి పెళ్లికి అమ్ముదామని పోతే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందన్నారు. ఎన్ఓసీ కోసం సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని తిరుగుతున్నా. అన్ని కాగితాలూ ఉన్న నా గతే ఇలా ఉంటే, ఏ కాగితమూ లేనివాడికి ఇల్లంటావా?

దేవుని కడప:
పొలం గొడవకు వేరే పోస్టు పెట్టుకో అన్నా.

పెన్నా గట్టు (కడప):
నేను ఇల్లు వద్దనడం లేదు. సైనికుడికి విడిగా ఎందుకు అంటున్నా. మా నాయన మార్కెట్ యార్డులో హమాలీ. శనక్కాయ మూటలు మోసి మోసి నడుము పోయింది, ఆఖర్లో మంచం మీదే ఉన్నాడు. ఎవరూ పలకరించలేదు. కువైట్‌లో ఇంటిపని చేసి ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఆడవాళ్లు మా వైపు ఎందరో. నగరాల్లో లక్ష జనాభాకు వంద మంది పట్టే వసతి కేంద్రం ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమమే పెట్టింది. దాన్ని సరిగా నడిపితే ఆ పెద్దాయనకూ చోటుంటుంది. రాష్ట్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 4 వేలకు డిశ్చార్జి బుక్కు అక్కర్లేదు, రైస్ కార్డు ఉంటే అడగొచ్చు. అదైనా ఇప్పించండి.

హవల్దార్ రిటైర్డ్:
మూటలు మోయడమూ మంచులో కాపలా కాయడమూ ఒకటేనా? ఏం మాట్లాడుతున్నావో తెలుసా?

పెన్నా గట్టు:
మా నాయన కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు. నువ్వు తిన్న అన్నంలో ఆ హమాలీ చెమట కూడా ఉంది.

గుంతకల్లు జంక్షన్:
అడ్మిన్ గారూ, కొంచెం చూడండి.

కేసీ కెనాల్:
ఇద్దరూ ఆగండి. అన్నా, నాలుగేళ్లకని సైన్యంలోకి తీసుకున్న అగ్నివీరుల మొదటి బ్యాచ్ గడువు ఈ 2026 ఆఖరుకు తీరుతుంది. నూటికి 75 మంది సుమారు 11 లక్షల 70 వేలు పట్టుకుని బయటికొస్తారు, పింఛను ఉండదు. మన సీమ పిల్లలూ అందులో ఉన్నారు. రేపు వాళ్లలో ఎవరికైనా కాలం కలిసిరాక రోడ్డున పడితే, వాళ్లనూ బుక్కు చూపించమంటావా?

హవల్దార్ రిటైర్డ్:
మా అమ్మ పోయినప్పుడు నేను బార్డర్లో ఉన్నా. చివరి చూపు లేదు. నాకూ ఇంట్లో జబ్బులున్నాయి, అయినా రాసిచ్చి రాలేదు. తొమ్మిదేళ్లకు వదిలేసినవాడికీ నాకూ సర్కారు ఒకే పేరు పెడితే ఆ 24 ఏళ్లకు విలువేముంది? నా బాధ అది. ఆయన ఆకలితో ఉండాలని కాదు.

పెన్నా గట్టు:
ఈ మాట ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మీ గౌరవాన్ని ఎవరూ తీసుకోరు సార్. అయినా తలదాచుకునే చోటు సర్వీసును బట్టి ఇవ్వాలంటే నేను ఒప్పుకోను. మనిషికి లేదు కాబట్టి ఇవ్వాలి.

హవల్దార్ రిటైర్డ్:
నేనూ ఒప్పుకోను. వసతి కేంద్రం అందరికీ పెట్టండి, సైనిక్ బోర్డు డబ్బు మాత్రం సైనికుడిదే. తమ్ముడూ, ఆయన సర్వీసు నంబరు, రెజిమెంటు పేరు నాకు మెసేజ్‌లో పంపు, ఇక్కడ పెట్టొద్దు. రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం నేను రాస్తా, జవాబు మా ఇంటి అడ్రసుకు రానీ. సొంత కోరిక మీద వచ్చాడని అందులో ఉంటే గ్రాంటుకు నా సిఫారసు ఉండదు, అప్పుడు అడగొద్దు.

కేసీ కెనాల్:
పంపాను అన్నా. రైస్ కార్డు సంగతి రేపు వార్డు సచివాలయంలో కనుక్కుంటా.