నల్లమలలో నేలకంటుకున్న ఆకులు, తెల్లపూలు: ఈ నేల ఆర్కిడ్ ఏ జాతి?

ఫొటోలు తీసింది మన్ననూరు దాటి ఫర్హాబాద్ వెళ్లే దారి పక్కన, ఆగస్టు చివరి వారంలో. వెదురు నీడ, రాళ్లు కలిసిన ఎర్రమట్టి, పైన నాచు.

ఇది హబెనేరియా (దగ్గరి పోలికలున్న ఆర్కిడ్ జాతుల గుంపు) అన్న వరకు అనుమానం లేదు. జాతి దగ్గరే ఆగిపోయాను. ఆకులు రెండే, దాదాపు గుండ్రంగా, నేలకు అతుక్కుని ఉన్నాయి. చాకు మొన కూడా కిందికి దూరనంత దగ్గరగా. ఇది అందులో రాక్స్‌బర్ఘీ అనే జాతి లక్షణం. కానీ దానికి పెదవి రేకు (పూవులో మిగతావాటికి భిన్నంగా ఉండే కింది రేకు) మూడు సన్నటి పోగులుగా చీలాలి. ఇక్కడ నడిమిది మాత్రమే పోగులా ఉంది, పక్క రెండూ విసనకర్రలా విచ్చుకున్నాయి. అది ప్లాంటాజీనియా అనే మరో జాతి గుర్తు, దాని ఆకులేమో ఇంకా పొడుగ్గా ఉండాలి. పూల కాడ 20 సెంటీమీటర్లు, పూలు దూరదూరంగా తొమ్మిది. వెనక వేలాడే తేనె గొట్టం 3 సెంటీమీటర్లు, అండాశయం కంటే పొడవు. చీకటి పడ్డాక వాసన బాగా వస్తుంది.

గుర్తుపట్టే యాప్‌కు ఫొటో మార్చినప్పుడల్లా పేరు మారుతోంది. ఫ్లాష్ వెలుగులో తెల్ల రేకుల అంచులు కలిసిపోతాయి కాబట్టి పక్కనుంచి, నల్లగుడ్డ అడ్డుపెట్టి మళ్లీ తీశాను. అయినా తేలలేదు. పులుల అభయారణ్యం కనుక మొక్క పీకలేదు, దుంప చూడలేదు. అసలు పీకకూడదు కూడా. దుంప పోతే వచ్చే వానాకాలం అక్కడ మొక్కే ఉండదు.

ఆకులూ పెదవి రేకూ ఇలా చెరో పేరు చెబుతున్నప్పుడు, ఈ రెండు జాతుల్లో ఏదో తేల్చడానికి దేన్ని నమ్మాలి?