పాడేరు దగ్గర తోట దారికి జిమ్నీకి ఏటీ టైర్లు వేయించాలా? ఏ సైజు?

కాఫీతోట_పాడేరు:

అందరికీ నమస్తే. పాడేరు దగ్గర కొండ మీద మా నాన్నకు రెండున్నర ఎకరాల కాఫీ తోట ఉంది. ఉద్యోగం వల్ల నేను అనకాపల్లిలో ఉంటాను. ప్రతి శనివారం చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి ఊరికి వెళ్లి, ఆదివారం సాయంత్రం దిగుతాను. బండి 2023 మారుతీ జిమ్నీ (చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి), మాన్యువల్. కంపెనీ వాళ్లు ఇచ్చిన 195/80 ఆర్15 టైర్లే ఇంకా ఉన్నాయి. 31 వేల కిలోమీటర్లు తిరిగాయి.

తారు రోడ్డు నుంచి తోటకు నాలుగు కిలోమీటర్ల మట్టి దారి. మొదట రాళ్లు తేలి ఉంటుంది, అక్కడ ఇబ్బంది లేదు. చివరి కిలోమీటరున్నర సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఎర్రమట్టి ఎక్కుడు. ఎండ తగలదు కాబట్టి వాన వెలిశాక కూడా రెండు మూడు రోజులు తడిగానే ఉంటుంది. పోయిన ఏడాది జూలైలో అక్కడ వంపు తిరుగుతుంటే బండి వెనక భాగం పల్లం వైపు జారింది. నేను ఏం చేసినా ఆగలేదు. చివరికి బంపర్ ఒక చెట్టుకు ఆనుకుని ఆగింది. నాన్న పక్క సీట్లోనే ఉన్నారు. ఊళ్లోవాళ్లు వచ్చి తాడు కట్టి లాగారు.

అప్పటి నుంచి వాన పడితే బండి తారు రోడ్డు మీదే వదిలేసి నడుస్తున్నాం. నాన్నకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. తోట చూడకుండా ఇంట్లో కూర్చోమంటే ఆయన కూర్చోరు. ఈసారి వర్షాలకు ముందే ఏదో ఒకటి చేయాలి.

ఒక షాపులో 235/75 ఆర్15 ఏటీ (ఆల్ టెర్రెయిన్, అంటే తారుకూ మట్టికీ పనికొచ్చేవి) వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది, ఎక్కడికైనా పోతుంది అన్నారు. ఇంకో షాపులో 215/75 చాలన్నారు. ఒక రకం టైరు మీద కొండ బొమ్మలో మంచు పువ్వు గుర్తు ఉందని, అందుకే రేటు ఎక్కువని చెప్పారు. ఐదు టైర్లకు నలభై వేలు దాటుతోంది. నేను నెలకు సుమారు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అందులో మట్టి దారి 32 కిలోమీటర్లే. దానికోసం ఇంత ఖర్చు పెట్టాలా? పెడితే ఏ సైజు తీసుకోవాలి?

రేగడి_దారులు:

చెల్లెమ్మా, టైర్ల సంగతి తర్వాత. ఆ రోజు టైర్లలో గాలి ఎంత ఉంది? బండి ఏ గేరులో, ఏ మోడ్‌లో ఉంది?

కాఫీతోట_పాడేరు:

గాలి 34 పీఎస్ఐ అన్నా. బంకులో ఎప్పుడూ అంతే కొడతారు. 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకూ బలం వెళ్లే మామూలు మోడ్‌లో, ఫస్ట్ గేరులో ఉన్నాను. జారడం మొదలయ్యాక భయంతో బ్రేకు గట్టిగా తొక్కాను.

రేగడి_దారులు:

అయితే వివరంగా రాస్తాను. నేను పంతొమ్మిదేళ్లుగా బోరు పాయింట్లు చూసే పని చేస్తున్నాను. నంద్యాల, కోయిలకుంట్ల, బనగానపల్లె వైపు నల్లరేగడి చేలల్లోకి బండి దింపడమే నా ఉద్యోగం. మొదట బొలెరో ఉండేది, ఇప్పుడు మీ బండే.

34 గాలితో చిన్న బండి టైరు రాయిలా బిగుసుకుని ఉంటుంది. జిమ్నీ బరువు సుమారు 1200 కిలోలే. ఆ బరువుకు అంత గాలి పెడితే టైరు నేలను పట్టుకునే భాగం చిన్నదైపోతుంది. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె చూడండి, 34 కంటే చాలా తక్కువ ఉంటుంది. తారు మీద ఆ అంకె పాటించండి. గాలి ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఘాట్ ఎక్కి వచ్చాక చూస్తే వేడికి పెరిగిన అంకె కనిపిస్తుంది.

మట్టి దారి మొదలయ్యే చోట ఆగి నాలుగు టైర్లూ 20కి దించండి. గాలి తగ్గితే టైరు నేల మీద వేసే ముద్ర నిలువుగా పొడవవుతుంది, ట్రెడ్ (నేలను తాకే పైభాగం) గళ్లు ఎక్కువగా నేలను తాకుతాయి. రాళ్ల మీద కుదుపు కూడా తగ్గుతుంది. 18 కంటే కిందికి మాత్రం వెళ్లవద్దు. మీ దారి ఒక పక్కకు వాలుగా ఉంది కాబట్టి గాలి మరీ తక్కువైతే వంపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. తగ్గించిన గాలితో గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకండి. తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు పక్కలు వేడెక్కి పాడైపోతాయి. అందుకే టైర్లకంటే ముందు ఒక 12 వోల్టుల కంప్రెసర్, నమ్మకమైన గేజ్ కొనండి. నిజంగా చెబుతున్నాను, మీకు కావలసినదానిలో సగం అక్కడే దొరుకుతుంది.

ఇక టైరు. ఏటీ తీసుకోండి, మీ విషయంలో నాకు అనుమానం లేదు. ఎర్రమట్టి దారిలో సాధారణంగా పైన రెండు మూడు అంగుళాలే జారుడు పొర, కింద గట్టి నేల ఉంటాయి. ఏటీ టైరు గళ్లు ఆ పొరను కోసుకుని కింద పట్టు దొరికించుకుంటాయి. మా నల్లరేగడిలో ఇది కుదరదు. అక్కడ నాలుగు చుట్లు తిరిగేసరికి ట్రెడ్ సందులన్నీ బంకతో నిండి ఏటీ టైరు కూడా నున్నగా అయిపోతుంది. అందుకే రేగడివాళ్లు ఎంటీ (మడ్ టెర్రెయిన్, అంటే బురద కోసం చేసిన టైర్లు) వాడతారు. వాటి సందులు వెడల్పుగా ఉంటాయి, తిరుగుతూనే మట్టిని విసిరేస్తాయి. మీరు ఎవరి సలహా విన్నా వాళ్లది ఏ మట్టో ముందు అడగండి.

సైజు గురించి లెక్క చెబుతాను. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క ఎత్తు ఎంత శాతమో, ఆర్15 అంటే 15 అంగుళాల రిమ్ము. మీ పాత టైరు ఎత్తు 693 మిల్లీమీటర్లు. 215/75 అయితే 703.5, అంటే ఒకటిన్నర శాతం ఎక్కువ. 235/75 అయితే 733.5, దాదాపు 5.8 శాతం ఎక్కువ. నలభై మిల్లీమీటర్లు పెరిగినా బండి కింద ఎత్తు పెరిగేది అందులో సగమే, ఇరవై. దానికోసం మీరు పోగొట్టుకునేది ఎక్కడంటే ఎక్కుడులో. టైరు పెద్దదైతే గేర్లన్నీ ఆ మేరకు పొడవైనట్టే. ఇంజను చక్రానికి ఇచ్చే తోపు దాదాపు 5.5 శాతం తగ్గుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు రాసుకోవచ్చు. పైగా వెడల్పు టైరు జారుడు మట్టి మీద తేలుతుంది, ఇరుకు టైరు దిగి గట్టి నేలను అందుకుంటుంది. మీ దారికి ఇరుకే మంచిది. పాత సైజులోనే ఏటీ దొరికితే అదే వేయండి. దొరకకపోతే 215/75. 235 జోలికి వెళ్లకండి.

టైరు సైజు ముందు పీ అని ఉన్నది గానీ, ఏ అక్షరమూ లేనిది గానీ, మామూలు రకమే తీసుకోండి. ఎల్‌టీ అని ఉండేవి బరువు మోసే బండ్లకు. వాటి పక్కలు మందంగా, బరువుగా ఉంటాయి, మీ బండికి గట్టిగా కొడతాయి. లోడ్ ఇండెక్స్ 96కు తగ్గకూడదు. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుందని అర్థం. టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరుసలో చివరి నాలుగంకెలు (తయారీ తేదీ) చూడండి, 2225 అంటే 2025లో 22వ వారంలో తయారైంది. పాత సరుకు అంటగడితే తీసుకోవద్దు. మంచు పువ్వు గుర్తు పేరుకున్న మంచు మీద పరీక్షకు సంబంధించినది. లంబసింగి పొగమంచుకు దాని అవసరం లేదు, దానికోసం డబ్బు పెట్టకండి.

ఐదూ ఒకేసారి మార్చండి. ఇది నా బాధ కూడా. బొలెరో రోజుల్లో పొదుపు చేసి స్టెప్నీ పాతదే ఉంచాను. డిసెంబరులో కంది చేలో కోసిన కొయ్య ఒకటి టైరు పక్కలో దిగింది. పక్క గోడ చీలితే పంక్చర్ వేయరు, వేయకూడదు కూడా. అరిగిన స్టెప్నీ వేసుకుని ఫోర్ వీల్‌లోనే బయటపడ్డాను. ఇలాంటి బండ్లలో ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. టైర్ల చుట్టుకొలతలు తేడాగా ఉంటే ఆ ఒత్తిడంతా గేర్లమీదే పడుతుంది. పొడి తారు మీద 4హెచ్ వాడకూడదనేది కూడా ఇందుకే.

ఇక నడపడం. ఆ ఎక్కుడు ముందే ఆగి 4ఎల్ (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంతో ఎక్కువ బలం ఇచ్చే మోడ్) వేసి, రెండో గేరులో ఒకే తీరుగా వెళ్లండి. చక్రం ఉట్టినే తిరగడం మొదలైతే భయపడి యాక్సిలరేటర్ పూర్తిగా వదలకండి. ఒక చక్రం ఉట్టినే తిరిగితే బండే దానికి బ్రేకు వేసి రెండో చక్రానికి బలం పంపుతుంది, దానికి ఒక క్షణం సమయం ఇవ్వండి. జారినప్పుడు బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి పలకలా జారుతుంది. మీకు జరిగింది అదే. దిగేటప్పుడు 4ఎల్ మొదటి గేరులో ఇంజను పట్టు మీదే దిగండి.

బీచ్‌రోడ్_జిమ్నీ:

అన్న చెప్పినదానికి నా అనుభవం కలుపుతున్నాను. విశాఖలో ఉంటాను. ఏడాదిగా 215/75 ఏటీ వాడుతున్నాను, సస్పెన్షన్ మార్చలేదు, ఎక్కడా రాసుకోలేదు. యోకోహామా జియోలాండర్ ఏటీ జీ015. గంటకు 80 దాటితే గుయ్‌మని శబ్దం వస్తుంది, పాటలు కొంచెం పెద్దగా పెట్టుకోవాలి. మైలేజీ లీటరుకు ఒక కిలోమీటరు దాకా తగ్గింది. అందులో కొంత మీటరు లెక్క వల్లే. టైరు పెద్దదైంది కాబట్టి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటరు 985 చూపిస్తుంది.

మీకు గట్టిగా చెప్పాల్సింది ఘాట్ గురించి. తడి తారు మీద ఏటీ టైరు పాత టైరంత త్వరగా ఆగదు. పాడేరు ఘాట్‌లో వాన రోజు మొదటిసారి దిగినప్పుడు నాకు టెన్షన్ వచ్చింది. ముందు బండికి దూరం పెంచండి, వంపుకు ముందే వేగం తగ్గించండి. ఎవరైనా ఎంటీ వేయమన్నా వినకండి. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం తడి తారు, మలుపులు. దానికి ఎంటీ ఇంకా ప్రమాదం.

రేగడి_దారులు:

అవును, ఈ మాట నేనే రాయాల్సింది. ఇంకొకటి. ఆ వంపు దగ్గర పైనుంచి వచ్చే నీళ్లు దారి మీదుగానే పోతుంటే ఎన్ని టైర్లు మార్చినా లాభం లేదు. వర్షాలకు ముందే దారికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా జానెడు లోతు కాలువ తీయించండి. నీళ్లు పక్కకు పోతాయి. చక్రాలు నడిచే రెండు గాళ్లలో తోటలో ఏరిన రాళ్లు పరిపించండి. ఇద్దరు మనుషులు రెండు రోజుల్లో చేస్తారు. టైరు ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

కాఫీతోట_పాడేరు:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. 195/80లోనే ఏటీ తెప్పించారు, ఐదూ మార్చాను. షాపులో పెద్ద సైజు గురించి మళ్లీ చెప్పారు గానీ ఇరవై మిల్లీమీటర్ల లెక్క చెప్పాక ఊరుకున్నారు. కాలువ నాన్నే దగ్గరుండి తీయించారు. ఎక్కడ తీయాలో ఆయనకు ముందే తెలుసట, నీళ్లు ఎప్పుడూ ఆ బండరాయి పక్క నుంచే దిగుతాయట. ఇన్నాళ్లూ నేనే అడగలేదు.

నిన్న రాత్రంతా వాన పడింది. ఈ ఉదయం మట్టి దారి మొదట్లో ఆగి గాలి 20కి దించాను. నాలుగు టైర్లకు పది నిమిషాలు పట్టింది, నాన్న దిగి గేజ్ పట్టుకున్నారు. 4ఎల్, సెకండ్ గేర్. వంపు దగ్గర వెనక చక్రం ఒకసారి కదిలింది, కాలు బ్రేకు వైపు వెళ్లింది, ఆపుకున్నాను. బండి తనే పట్టుకుని ఎక్కేసింది. పైకి వచ్చాక నాన్న మాట్లాడకుండా దిగి, ముందుగా ఆ సిల్వర్ ఓక్ దగ్గరికి వెళ్లి బెరడు మీద పాత దెబ్బ చూసి వచ్చారు. ఇప్పుడు కలుపు తీసేవాళ్లతో మాట్లాడుతున్నారు. సాయంత్రం దిగేటప్పుడు మొదటి గేరు అన్నారు కదా అన్నా, మధ్యలో క్లచ్ అసలు తొక్కకూడదా?

రేగడి_దారులు:

తొక్కకూడదు చెల్లెమ్మా. క్లచ్ తొక్కితే ఇంజను పట్టు పోతుంది, బండి వదులుగా దొర్లుతుంది. పైనే గేరు వేసుకుని, రెండు కాళ్లూ పెడళ్ల మీద నుంచి తీసి దిగండి. మరీ వేగం అనిపిస్తే బ్రేకు మీద వేలితో తాకినట్టు తాకండి, అంతే. తారు ఎక్కేముందు గాలి నింపడం మర్చిపోకండి. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.