ఎఫ్‌డీ అని చెప్పి బీమా పాలసీ అంటగట్టారు – బ్యాంకు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న:
మా నాన్నగారికి 67 ఏళ్లు, పెన్షనర్. మెచ్యూర్ అయిన 3 లక్షల ఎఫ్‌డీని రెన్యువల్ చేయమని వెళ్తే, బ్రాంచిలో "వడ్డీ ఎక్కువొచ్చే ఎఫ్‌డీ" అని సంతకాలు పెట్టించుకున్నారు. ఏడాది తిరిగి రెండో ప్రీమియం కట్టమని మెసేజ్ వస్తే గానీ, అది పదేళ్లు కట్టాల్సిన జీవిత బీమా అని తెలియలేదు. బాండు ఇంటికి రానేలేదు. అడిగితే "సంతకం మీదే కదా" అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు 1:
నిలుస్తుందండీ. కాకపోతే "వాళ్లు అలా చెప్పారు" అన్న ఒక్క మాట మీద కాదు, వాళ్ల దగ్గరున్న కాగితాల మీదే నిలబెట్టాలి. బీమా కంపెనీకి, బ్రాంచికి రాతపూర్వకంగా ఈ నాలుగూ అడగండి: ప్రపోజల్ ఫారం నకలు, సంతకం చేసిన బెనిఫిట్ ఇలస్ట్రేషన్ (ఎంత కడితే ఎంతొస్తుందో చూపే పట్టిక), పాలసీ ఇచ్చే ముందు చేసిన వెరిఫికేషన్ కాల్ రికార్డింగు, బాండు డెలివరీ రుజువు.

ప్రపోజల్ ఫారాన్ని గీత గీతా చదవండి. ఇలాంటి కేసుల్లో అసలు బలం అక్కడే దొరుకుతుంది. ఆదాయం ఎంత రాశారు? పెన్షన్ 30 వేలైతే ఏటా 12 లక్షలని ఉంటుంది. వృత్తి "వ్యాపారం" అని ఉంటుంది. ఫోన్ నంబరో, ఈమెయిలో ఆయనది కాకుండా ఉంటుంది. పాస్‌బుక్కు, పెన్షన్ ఆర్డరు దాని పక్కన పెడితే, ఫారం నింపింది ఎవరో చూసేవాళ్లకే అర్థమవుతుంది. పెన్షన్ మీద బతికే మనిషికి ఏటా 3 లక్షల ప్రీమియం ఎలా సరిపోతుందని తేల్చారో బ్యాంకే చెప్పుకోవాలి.

ఫ్రీ లుక్ గడువు, అంటే పాలసీ నచ్చకపోతే రద్దు చేసుకునే గడువు, 30 రోజులు. అది సంతకం చేసిన రోజు నుంచి కాదు, బాండు చేతికందిన రోజు నుంచి లెక్క. బాండు అందినట్టు వాళ్లు చూపలేకపోతే, గడువు ఇంకా మొదలే కాలేదని వాదించవచ్చు. ఇప్పుడు డూప్లికేట్ ఇస్తే అందుకున్న తేదీ వేసి, 30 రోజుల్లోపే రద్దు కోరుతూ లేఖ ఇవ్వండి.

జవాబు 2:
పైన చెప్పినదానికి తోడు, వరుస తప్పకండి. ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. తిరస్కరించినా, నెలలోపు బదులు రాకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు, ఖర్చు లేదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాక మాత్రం అదే విషయంపై అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. అంబుడ్స్‌మన్ దగ్గర ఉంది కదా అని కమిషన్ గడువును వదిలేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లే. మోసం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని మీరంటారు, పాలసీ తేదీ నుంచి అని అవతలివాళ్లంటారు. పాలసీ తేదీ నుంచే రెండేళ్లలోపు వేసేస్తే ఆ గొడవే ఉండదు.

కట్టిన సొమ్ము 50 లక్షల్లోపు కాబట్టి జిల్లా కమిషన్. 5 లక్షల వరకు ఫీజు లేదు. నాన్నగారు ఉంటున్న జిల్లాలోనే, ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. బ్రాంచి మేనేజరునే కాక, బ్యాంకు ప్రధాన కార్యాలయాన్ని, బీమా కంపెనీని కూడా ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. నోటీసు అందాక జవాబుకు వాళ్లకు 30 రోజులు, పొడిగిస్తే ఇంకో 15. అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

సంతకం నిజంగా ఆయనదే అయితే ఫోర్జరీ అని రాయకండి. చేతిరాత నిపుణులు అవసరమయ్యే వివాదమైతే సివిల్ కోర్టుకు పొమ్మనే ప్రమాదం ఉంది. "సంతకం నాదే, ఎఫ్‌డీ అని నమ్మించి తీసుకున్నారు" అన్నదే మీ కేసు.

ప్రశ్నించినవారు:
పాలసీ సరెండర్ చేస్తే (మధ్యలో వదులుకుంటే) కొంత వెనక్కి ఇప్పిస్తామంటున్నారు. వాట్సాప్‌లో మేనేజరు "ఎఫ్‌డీ అయిపోయింది సార్" అని పెట్టిన మెసేజ్ కూడా ఉంది.

జవాబు 1:
ఆ మెసేజ్ బంగారం. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి.

సరెండర్ ఫారం మీద ఇప్పుడు సంతకం వద్దు. "పూర్తి పరిష్కారంగా స్వీకరిస్తున్నాను" అన్న వాక్యం అందులో ఉంటే, మిగతా సొమ్ము అడగడం చాలా కష్టమవుతుంది. రెండో ప్రీమియం ఖాతాలోంచి పోకుండా ఆటో డెబిట్ మాండేట్‌ను ఈ వారమే రాతపూర్వకంగా రద్దు చేయించి, లేఖ నకలు మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి.