అల్యూమినియం కన్నా గాలియం పరమాణువు చిన్నదిగా ఎందుకుంది?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్):
అందరికీ నమస్కారం. ఆవర్తన పట్టికలో ఒక గ్రూపులో పైనుంచి కిందికి వచ్చేకొద్దీ పరమాణు వ్యాసార్ధం పెరుగుతుందనీ, అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తీసివేయడానికి కావలసిన శక్తి) తగ్గుతుందనీ చదువుకున్నాం. అయితే 13వ గ్రూపు పట్టికలో అల్యూమినియం వ్యాసార్ధం 143 పికోమీటర్లనీ, దాని కిందనున్న గాలియంది 135 అనీ ఇచ్చారు. మొదటి అయనీకరణ శక్తి కూడా మోలుకు 577 నుంచి 579 కిలోజౌళ్లకు పెరిగింది. రెండింటి చివరి కర్పరంలోనూ ఎస్² పి¹ విన్యాసమే కదా, మరి ఈ తేడా ఎక్కడిది? గాలియం అరచేతిలోనే కరిగిపోవడానికీ ఇదే కారణమా?

సమాధానం (రసాయనశాస్త్ర అధ్యాపకుడు, నారాయణగూడ):
చివరి కర్పరాన్ని మాత్రమే చూస్తే ఈ చిక్కు వీడదమ్మా, దాని లోపల ఏముందో చూడాలి. అల్యూమినియం లోపల ఉన్నవి నియాన్ విన్యాసంలోని 10 ఎలక్ట్రాన్లే. గాలియం విన్యాసం [ఆర్గాన్] 3డి¹⁰ 4ఎస్² 4పి¹. స్కాండియం నుంచి జింకు దాకా 10 మూలకాలు గడిచాకే గాలియం వస్తుంది కాబట్టి, కేంద్రకంలో 10 ప్రోటాన్లు అదనంగా చేరాయి. వాటితోపాటు వచ్చిన 10 ఎలక్ట్రాన్లు 3డి ఆర్బిటాళ్లలో చేరాయి గానీ, కేంద్రక ఆకర్షణ బయటి ఎలక్ట్రాన్లను చేరకుండా అడ్డుకోవడంలో డి ఎలక్ట్రాన్లు ఎస్, పి ఎలక్ట్రాన్లకు సాటిరావు. ఈ అడ్డును అంచనావేసే స్లేటర్ నియమాల ప్రకారం లెక్కవేస్తే బయటి ఎలక్ట్రాన్‌పై ప్రభావక కేంద్రక ఆవేశం (అడ్డు పోగా దాన్ని నిజంగా లాగే ఆవేశం) అల్యూమినియంలో 13 − 9.5 = 3.5, గాలియంలో 31 − 26 = 5. ఇది స్థూలమైన లెక్కే అయినా, నాలుగో కర్పరం చేరినా పరమాణువు ఎందుకు పెరగలేదో దీనితో అర్థమవుతుంది.

సమాధానం (ఎంసెట్ శిక్షణ అధ్యాపకురాలు, అమీర్‌పేట):
ఇదే గ్రూపులో ఇంకా కిందనున్న థాలియంలో డి ఎలక్ట్రాన్లకు తోడు 14 ఎఫ్ ఎలక్ట్రాన్లు కూడా చేరతాయి, అవి ఇంకా బలహీనమైన అడ్డు. అందుకే మొదటి అయనీకరణ శక్తి క్రమం బోరాన్ > థాలియం > గాలియం > అల్యూమినియం > ఇండియం. పరీక్షలో పైనుంచి కిందికి వరసగా రాసేవారే ఎక్కువ.

సమాధానం (పరిశోధక విద్యార్థి, తార్నాక):
నారాయణగూడ గురువుగారు చెప్పినదానికి ఒక్క మాట చేర్చాలి. ఘన గాలియంలో ప్రతి పరమాణువుకూ 244 పికోమీటర్ల దూరంలో ఒక్క పొరుగు పరమాణువే ఉంటుంది, మిగిలినవన్నీ 270కి పైబడిన దూరంలో ఉంటాయి. కాబట్టి గాలియం వ్యాసార్ధం ఏ దూరాన్ని కొలిచామన్నదాన్ని బట్టి మారుతుంది; నా దృష్టిలో అయనీకరణ శక్తే గట్టి సాక్ష్యం. 29.8 డిగ్రీలకే కరగడానికి కూడా ఈ జంటల అమరికే ముఖ్య కారణం, ఒంటరి పరమాణువు విన్యాసం నుంచి నేరుగా దాన్ని రాబట్టలేం. కరిగినంత తేలిగ్గా అది మరగదు, దాని మరుగు స్థానం దాదాపు 2400 డిగ్రీలు.

మన ఊళ్లో మే నెలలో ఏసీ లేని ప్రయోగశాలలో సీసాలోని గాలియం తనంతట తానే ద్రవమై కనిపిస్తుంది, చలికాలం వచ్చినా ఒక్కోసారి గడ్డకట్టకుండా అలాగే ఉండిపోతుంది. గడ్డకట్టేటప్పుడు నీటిలాగే వ్యాకోచిస్తుంది కనుక గాజు సీసాలో నిండుగా పోయకూడదు, ప్లాస్టిక్ సీసా మేలు. అల్యూమినియం పాత్రలో మాత్రం అసలే వద్దు. దాని స్ఫటికాల సరిహద్దుల్లోకి చొరబడి, చేత్తో విరిగేంత పెళుసుగా మార్చేస్తుంది.